డ్రైవరుకూ కెర్నల్‌కూ మధ్య నలభై ఏళ్లు

పల్నాడుకు ఇంటర్నెట్ ఎలా వచ్చిందని అడిగితే ఎవరైనా తీగల కథే చెబుతారు: టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, డయలప్ మోడెములు, సెల్ టవర్లు, ఆపైన కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించేనాటికి నరసరావుపేట, మాచర్ల, గురజాల ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఈ తేదీలన్నీ ఎక్కడో ఒకచోట నమోదై ఉంటాయి. నమోదు కానిది తీగ వచ్చి ఆగిన చోట మొదలయ్యే చరిత్ర. గోడకు బిగించిన వైఫై పెట్టెలోకి చేరిన సంకేతాన్ని చిప్పు అందుకుంటుంది. చిప్పును నడిపే డ్రైవరు దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు అప్పగిస్తుంది. ఆ అప్పగింత ఏ పద్ధతిలో జరగాలో చెప్పే ఒప్పందం మెమరీలో కొన్ని వందల బైట్ల నుంచి రెండు మూడు వేల బైట్ల దాకా ఉండే ఒక డేటా స్ట్రక్చర్. ఇలాంటి పెట్టెల్లో అత్యధికం లినక్స్‌తో నడుస్తాయి. లినక్స్‌లో ఆ స్ట్రక్చర్ పేరు నెట్ డివైస్. చిప్పులు, తీగలు, కంపెనీలు మారిపోతున్నా ఇది నిలిచింది. ముందే చక్కగా కుదిరినందువల్ల అది నిలవలేదు. తప్పును తప్పని ఒప్పుకుని, అందరి కళ్లముందే దిద్దుకునే వీలు ఉన్నందువల్ల నిలిచింది. ఈ వ్యాసం నిరూపించదలచుకున్నది ఇదే.

ఇలాంటి స్ట్రక్చర్ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరికి వెళ్లాలి. యూనిక్స్‌లో డిస్కు, టెర్మినల్, ప్రింటరు అన్నీ ఫైళ్లలా కనిపిస్తాయి. ప్రోగ్రాము ఫైలు తెరుస్తుంది, చదువుతుంది, రాస్తుంది. నెట్‌వర్క్ కార్డు ఈ చట్రంలో ఇమడలేదు. డిస్కు అడిగినప్పుడే జవాబిస్తుంది. నెట్‌వర్క్ నుంచి ప్యాకెట్లు, అంటే సమాచారపు ముక్కలు, ఎవరూ అడగకుండానే వస్తాయి, ఒకే తీగ మీద పది ప్రోగ్రాముల సంభాషణలు కలగలిసి వస్తాయి. వాటిని విడదీసి ఎవరిది వారికి చేర్చే పని కెర్నల్‌దే కావాలి. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రూపంలో బిల్ జాయ్, శామ్ లెఫ్లర్ తదితరులు ఇందుకోసం ఇఫ్‌నెట్ అనే స్ట్రక్చర్‌ను ప్రవేశపెట్టారు. అందులో కార్డు పేరు, దాని వరుస సంఖ్య, ఒక్కసారికి పంపగల గరిష్ఠ పరిమాణం, పంపాల్సిన ప్యాకెట్ల వరుస, వచ్చినవీ పోయినవీ చెడినవీ ఎన్నో చెప్పే లెక్కలు ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనవి డ్రైవరులోని ఫంక్షన్ల చిరునామాలు. పైనున్న ఐపీ పొరకు కింద ఏ కంపెనీ కార్డు ఉందో తెలియనక్కర్లేదు, ఆ చిరునామాకు ప్యాకెట్‌ను అప్పగిస్తే చాలు. డ్రైవరుకు టీసీపీ గురించి తెలియనక్కర్లేదు. సాగర్ కుడికాలువకూ పొలానికీ మధ్య తూము ఉన్నట్టు: కాలువ అధికారికి పొలంలో మిరప ఉందో పత్తి ఉందో అక్కర్లేదు, రైతుకు డ్యాములో నీటిమట్టం లెక్క అక్కర్లేదు, ఇద్దరికీ తూము కొలత తెలిస్తే సరిపోతుంది.

లినక్స్ ఈ ఆలోచనను అందుకుని తన దారిలో నడిచింది. 1992లో రాస్ బిరో తొలి నెట్‌వర్క్ కోడు రాశారు. ఫ్రెడ్ వాన్ కెంపెన్ దాన్ని తిరగరాశారు. అలన్ కాక్స్ దాన్ని చక్కదిద్ది, నలుగురూ వాడుకునే స్థితికి తెచ్చారు. 1994 మార్చిలో లినక్స్ 1.0 వచ్చేసరికి కార్డును వర్ణించే స్ట్రక్చర్ ఒకటి, ప్యాకెట్‌ను మోసే ఎస్కే బఫ్ అనే స్ట్రక్చర్ మరొకటి స్థిరపడ్డాయి. ఆ ఏడాదే నాసా గొడార్డ్ కేంద్రంలో మామూలు పీసీలను గుదిగుచ్చి బేవుల్ఫ్ అనే సూపర్ కంప్యూటర్‌ను కట్టే పని సాగింది. అందులో పాల్గొన్న డొనాల్డ్ బెకర్ ఈ స్ట్రక్చర్‌ను ఆధారం చేసుకుని పదుల కొద్దీ ఈథర్నెట్ కార్డులకు డ్రైవర్లు రాశారు. మన దేశంలోని అసెంబుల్డ్ కంప్యూటర్లలో విరివిగా కనిపించిన రియల్‌టెక్ 8139 లాంటి చవక కార్డు కూడా వాటిలో ఉంది. ఖరీదైన వర్క్‌స్టేషన్ల దగ్గర పుట్టిన విద్య చవక యంత్రాల్లోకి దిగడానికి కారణం ధరలు తగ్గడం ఒక్కటే కాదు. ఒప్పంద పత్రం అందరికీ కనిపించేలా ఉండటం, ఏ కార్డుకైనా ఎవరైనా డ్రైవరు రాసుకోగలగడం అంతే ముఖ్యమైన కారణాలు.

అలాగని ఆ పత్రం గొప్పగా రూపొందిందని అనుకోకూడదు. ఈ స్ట్రక్చర్ మొత్తం పెద్ద పొరపాటని, కార్డుకు చెందిన సమాచారాన్నీ పై పొరలకు చెందిన సమాచారాన్నీ ఒకే చోట కలిపేసిందని సోర్స్ కోడులో దాని నిర్వచనం పక్కనే రాసిపెట్టారు. పొరపాటని ఒప్పుకున్నవారు దాన్ని పారేయలేదు, విడతలు విడతలుగా దిద్దారు. ప్రతి ప్యాకెట్‌కూ ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తనను చూడమనే సంకేతం) ఇస్తూ పోతే వేగం పెరిగినప్పుడు యంత్రం ఇంటరప్టులు అందుకోవడంతోనే అలిసిపోయి అసలు పని చేయలేకపోతుందని జెఫ్రీ మొగల్, కె.కె.రామకృష్ణన్ 1996లో ఒక పరిశోధన పత్రంలో చూపారు. దానికి లినక్స్ ఇచ్చిన సమాధానం న్యాపీ. మొదటి ప్యాకెట్‌కు ఇంటరప్ట్ తీసుకుని, తర్వాత వాటిని ఆపేసి, కెర్నల్ తన వీలును బట్టి ఒక్కో విడతలో కొన్ని ప్యాకెట్లను తీసుకుంటుంది. ఇందుకు కావలసిన ఫీల్డులు మొదట నెట్ డివైస్‌లోనే చేరాయి. ఒక్కో కార్డుకు అనేక వరుసలు వచ్చాక, 2008 నాటి లినక్స్ 2.6.24లో వాటిని వేరే స్ట్రక్చర్‌గా విడదీశారు. 2009 నాటి 2.6.29లో ఫంక్షన్ల చిరునామాలను బయటికి తీసి, మార్చడానికి వీల్లేని ప్రత్యేక పట్టికలో పెట్టారు. దానివల్ల మెమరీ ఆదా అయింది, భద్రత పెరిగింది. 2024 మార్చిలో వచ్చిన 6.8లో ఇలాంటి కీలక స్ట్రక్చర్లలో తరచూ వాడే ఫీల్డులను పక్కపక్కన చేర్చారు. ఎక్కువ కనెక్షన్లు ఒకేసారి నడిచే సందర్భాల్లో ఈ మార్పుల వల్ల టీసీపీ వేగం 40 శాతం దాకా పెరిగింది. కొత్త చిప్పు లేదు, కొత్త తీగ లేదు. ఫీల్డుల వరుస మారిందంతే.

ఈ వాదానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఒప్పందమన్నది ఇలా మాటిమాటికీ మారితే దానికి విలువేముంది? మైక్రోసాఫ్ట్, 3కామ్ కలిసి 1989 ప్రాంతంలో రూపొందించిన ఎన్‌డీఐఎస్ అనే డ్రైవరు ప్రమాణం ఈ ప్రశ్నకు వేరే జవాబు చెప్పింది. అందులో డ్రైవరుకూ సిస్టమ్‌కూ మధ్య హద్దును ముందే ప్రకటించి, దాన్ని ఏళ్ల తరబడి నిలబెడతారు. తయారీదారు తన కోడు ఎవరికీ చూపకుండానే డ్రైవరును అమ్ముకోవచ్చు. ఈ పద్ధతి వ్యాపారానికి బాగా పనికొచ్చిందనడంలో సందేహం లేదు. లినక్స్‌కు డ్రైవర్లు ఇవ్వని వైఫై కార్డులను నడపడానికి విండోస్ డ్రైవర్లనే తెచ్చి తగిలించే ఎన్‌డీఐఎస్ ర్యాపర్ అనే సాధనం పుట్టిందంటే ఆ హద్దు ఎంత గట్టిదో తెలుస్తుంది. కానీ మూసి ఉంచిన డ్రైవరు ఆయుష్షు దాన్ని రాసిన కంపెనీ శ్రద్ధ మీదే ఆధారపడుతుంది. కంపెనీ కొత్త మోడల్ మీదికి మళ్లితే పాత కార్డు బాగా పనిచేస్తున్నా మూలన పడుతుంది. లినక్స్‌లో స్ట్రక్చర్‌ను మార్చేవారే, కెర్నల్ సోర్స్‌లో ఉన్న డ్రైవర్లన్నిటినీ కొత్త పద్ధతికి తేవడానికి పూనుకుంటారు. 2009 నాటి మార్పు కొన్ని విడుదలల వ్యవధిలో వందల డ్రైవర్లకు చేరింది. పైగా మారేది లోపలి హద్దే. ప్రోగ్రాములు వాడే బయటి హద్దును లినక్స్ కూడా పట్టుబట్టి కాపాడుతుంది. వాడేవారికి స్థిరత్వం, నిర్మించేవారికి స్వేచ్ఛ ఇచ్చిన పద్ధతి అది.

రెండో అభ్యంతరం మరింత సూటిగా తగులుతుంది. ఫైబర్ పెట్టెలు, చవక రౌటర్లు చేసే చిప్ కంపెనీలు చాలాసార్లు తమ డ్రైవర్లను ప్రధాన కెర్నల్‌లో చేర్చవు. ఒక పాత కెర్నల్‌ను పట్టుకుని దానికి తమ కోడు అతికించి వదిలేస్తాయి. అప్పుడు పైన చెప్పిన దిద్దుబాట్లేవీ గురజాల ఇంట్లో ఉన్న పెట్టెకు చేరవు. భద్రతా లోపాలూ అలాగే మిగిలిపోతాయి. ఇది నిజం. అయితే ఈ నిజం నా వాదాన్ని బలపరుస్తుందే కానీ కొట్టెయ్యదు. చెడింది స్ట్రక్చర్‌ను దిద్దుకునే పద్ధతి కాదు, ఆ పద్ధతికి దూరంగా డ్రైవరును దాచుకోవడం. లినక్స్ జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది. దాని ప్రకారం పెట్టెను అమ్మినవారు అందులోని కెర్నల్ సోర్స్‌ను అడిగితే ఇవ్వాల్సిందే. ప్రజాధనంతో వేల సంఖ్యలో పెట్టెలు కొనే సంస్థలు ఆ సోర్స్‌ను టెండరు షరతుగానే అడగవచ్చు, డ్రైవర్లు ప్రధాన కెర్నల్‌లో చేరిన చిప్పులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు.

ఇదంతా ఎక్కడో బర్క్‌లీలోనో లినక్స్ పుట్టిన ఫిన్లాండ్‌లోనో జరిగింది, పల్నాడుకు దీంతో పనేమిటని అడిగేవారు కూడా ఉంటారు. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాకినాడ వారి ఇంజనీరింగ్ కళాశాల ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు కళాశాలలున్నాయి. అక్కడి కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక సబ్జెక్టుగా, నెట్‌వర్క్స్ మరో సబ్జెక్టుగా చదువుతారు. ఆ రెండూ కలిసే చోటు నెట్ డివైస్. సిలబస్‌లో ఆ చోటు దాదాపు ఖాళీగానే ఉంటుంది. దాన్ని చదవడానికి ఫీజు అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు. 1992 నుంచి నేటిదాకా జరిగిన చరిత్రలో చాలా భాగం సోర్స్ కోడు రూపంలో అందరికీ అందుబాటులో ఉంది, పొరపాటని రాసుకున్న ఆ వాక్యంతో సహా. అధ్యాపకులు ఒక సెమిస్టరులో ఒక చిన్న డ్రైవరును తీసుకుని, అది కెర్నల్‌తో ఎలా చేయి కలుపుతుందో వరుసవారీగా చదివించాలి. ఇంట్లో వెలుగుతున్న పెట్టె లోపల ఏం జరుగుతోందో తెలిసినవారు మన ఊళ్లలోనే తయారైనప్పుడే, దాన్ని బాగుచేయమని అడిగే హక్కుకూ బాగుచేసే శక్తికీ అర్థం వస్తుంది.