యంగ్ లైవ్స్ అధ్యయనం (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

యంగ్ లైవ్స్ అనేది పేదరికం పిల్లల ఎదుగుదలపైన, చదువుపైన ఏ విధంగా ప్రభావం చూపుతుందో తెలుసుకోవడానికి నాలుగు దేశాలలో చేపట్టిన దీర్ఘకాలిక అధ్యయనం. ఇథియోపియా, భారతదేశం, పెరూ, వియత్నాం దేశాలలో సుమారు 12,000 మంది పిల్లల జీవితాలను ఈ అధ్యయనం 2002 నుండి అనుసరిస్తూ వచ్చింది. దీనిని ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్నది. భారతదేశంలో ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమై, 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కొనసాగింది. రాయలసీమ నుండి కడప, అనంతపురం జిల్లాలు ఇందులో ఉన్నాయి. ఒకే వయసు పిల్లల మధ్య చదువులో కనిపించే తేడాలు ఎప్పుడు మొదలవుతాయి, ఎందువల్ల పెరుగుతాయి, వాటిని తగ్గించడం సాధ్యమా అనే ప్రశ్నలకు తెలుగు పిల్లల జీవితాల నుండే ఆధారాలు అందించడం ఈ అధ్యయనం ప్రత్యేకత.

నేపథ్యం

ఏ ఇద్దరు పిల్లలూ ఒకే విధంగా నేర్చుకోరు. నేర్చుకునే వేగంలో, జ్ఞాపకశక్తిలో, ఆసక్తిలో, ఆత్మవిశ్వాసంలో వారి మధ్య ఉండే తేడాలను విద్యా మనోవిజ్ఞానశాస్త్రంలో వైయక్తిక భేదాలు అంటారు. ఈ భేదాలకు అనువంశికత, పరిసరాలు రెండూ కారణమేనని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అయితే ఏ సందర్భంలో దేని పాత్ర ఎంత అని చెప్పడం కష్టం. 1905లో ఫ్రాన్సు దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్‌తో కలిసి రూపొందించిన తొలి ప్రజ్ఞా పరీక్ష ఉద్దేశం బడిలో అదనపు సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడమే. తరువాతి కాలంలో అటువంటి పరీక్షలను పిల్లల శాశ్వత సామర్థ్యానికి కొలతగా భావించే ధోరణి ప్రబలింది.

పరీక్షలో వచ్చిన మార్కు ఆ రోజున విద్యార్థి ఏ స్థాయిలో ఉన్నాడో మాత్రమే చెబుతుంది. అతడు ఆ స్థాయికి ఎలా చేరాడో చెప్పదు. అది తెలియాలంటే ఒకే పిల్లవాడిని పసితనం నుండి అనేకసార్లు పరిశీలించాలి. అతని ఎత్తు, బరువు, కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, ఎదురైన కష్టనష్టాలు నమోదు చేయాలి. యంగ్ లైవ్స్ ఈ పద్ధతినే అనుసరించింది.

అధ్యయన నిర్మాణం

భారతదేశంలో ఈ అధ్యయనానికి రెండు వయోవర్గాల పిల్లలను తీసుకున్నారు. 2002లో 6 నుండి 18 నెలల వయసున్న 2,011 మంది చిన్న వర్గం. అప్పటికి సుమారు 8 ఏళ్ల వయసున్న 1,008 మంది పెద్ద వర్గం. మూడు ప్రాంతాలకూ ప్రాతినిధ్యం ఉండేటట్లు ఈ క్రింది జిల్లాలను ఎంపిక చేశారు.

* కోస్తా: శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి
* రాయలసీమ: అనంతపురం, కడప
* తెలంగాణ: కరీంనగర్, మహబూబ్‌నగర్
* నగర ప్రాంతం: హైదరాబాదు

మొత్తం 20 ప్రాంతాల నుండి, ఒక్కొక్క చోట సుమారు 100 మంది చిన్న పిల్లలు, 50 మంది పెద్ద పిల్లలు చొప్పున ఎంపికయ్యారు. 2002, 2006-07, 2009-10, 2013-14, 2016-17 సంవత్సరాలలో పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి సమాచారం సేకరించారు. కోవిడ్ కాలంలో 2020, 2021లలో ఫోను ద్వారా ప్రశ్నించారు. 2023-24లో మరొక విడత సర్వే జరిగింది. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ అధ్యయనంలో భాగస్వాములుగా పనిచేశాయి. పిల్లల వివరాలు బయటపడకుండా ప్రచురణలలో వారికీ, వారి గ్రామాలకూ మారుపేర్లు వాడతారు.

అప్పటి కడప జిల్లాకు 2010లో వైఎస్సార్ జిల్లా అని, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అని పేరు మారింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో దాని నుండి కొంత భాగం అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. అందువలన అధ్యయనంలో కడప అని ఉన్నచోట పాత సరిహద్దులతో కూడిన జిల్లా అని గ్రహించాలి.

రాయలసీమ పరిస్థితులు

కడప, కర్నూలు జిల్లాలు వర్షాభావ ప్రాంతాలు. ఉమ్మడి జిల్లాల సాధారణ వార్షిక వర్షపాతం కడపలో సుమారు 700 మిల్లీమీటర్లు, కర్నూలులో సుమారు 670 మిల్లీమీటర్లు. అది కూడా అదనుకు కురవకపోతే మెట్ట పంటలు చేతికి రావు. 2002లో దేశవ్యాప్తంగా కరువు ఏర్పడింది. యంగ్ లైవ్స్ చిన్న వర్గం పిల్లలు పాలు తాగే వయసులో ఉన్న సంవత్సరం అదే.

పొరుగున ఉన్న కర్నూలు జిల్లా ఈ అధ్యయనంలో లేదు. అయితే చదువుపై కరువు ప్రభావం అక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుండి వ్యవసాయ కూలీలు పత్తి, మిరప కోతల కాలంలో గుంటూరు వైపు వలస వెళతారు. దీనిని స్థానికంగా సుగ్గి అంటారు. తల్లిదండ్రులతో పాటు వెళ్లిన పిల్లలు నెలల తరబడి బడికి దూరమవుతారు. ఆ పిల్లలు ఊరిలోనే ఉండి చదువుకోవడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లను నిర్వహిస్తూ వచ్చింది. వలస నుండి తిరిగి వచ్చిన విద్యార్థి వార్షిక పరీక్షలో వెనుకబడితే, అది అతని ప్రజ్ఞకు కొలత కాజాలదు. యంగ్ లైవ్స్ పరిశీలించిన ప్రశ్న కూడా ఇటువంటిదే.

ఉపయోగించిన పరీక్షలు

2002లో పెద్ద వర్గం పిల్లలకు రావెన్ ప్రోగ్రెసివ్ మాట్రిసెస్ పరీక్ష ఇచ్చారు. ఇందులో మాటలు ఉండవు. ఒక బొమ్మలో లోపించిన భాగాన్ని ఇచ్చిన ముక్కలలో నుండి గుర్తించాలి. రెండవ విడత నుండి పీబాడీ చిత్ర పదజాల పరీక్షను వాడారు. దీనిలో పరీక్షకుడు ఒక పదం పలుకుతాడు, పిల్లవాడు నాలుగు బొమ్మలలో దానికి సరిపోయేదానిని చూపాలి. వీటితో పాటు వయసుకు తగిన గణిత పరీక్షలు, చదవడంలో ప్రాథమిక నైపుణ్యాల పరీక్షలు నిర్వహించారు.

పీబాడీ పరీక్ష 1959లో అమెరికాలో వెలువడింది. దానిని తెలుగులోకి మార్చడం కేవలం అనువాదం కాదు. ఒక భాషలో తేలికైన పదం మరొక భాషలో కఠినం కావచ్చు. ఒకే భాషలో కూడా మాండలిక భేదాలు ఉంటాయి. ఉదాహరణకు కోస్తాలో వేరుశెనగ అనేదానిని రాయలసీమలో చెనిక్కాయ అని, తెలంగాణలో పల్లి అని అంటారు. ఇటువంటి పదం పరీక్షలో ఉంటే, వస్తువు తెలిసిన పిల్లవాడు కూడా తప్పు బొమ్మను చూపవచ్చు. కర్నూలు, కడపలలో ఉర్దూ మాతృభాషగా గల పిల్లలు, కర్నూలు పడమటి మండలాలలో కన్నడం మాట్లాడే పిల్లలు కూడా గణనీయంగా ఉన్నారు. అందుకే ఈ పరీక్షల విశ్వసనీయతను, సప్రమాణతను పరిశీలించిన నిపుణులు వేర్వేరు భాషల పిల్లల పదజాల మార్కులను నేరుగా పోల్చరాదని, ఒక భాషా సమూహంలోనే పోల్చుకోవాలని సూచించారు.

ముఖ్య ఫలితాలు

కరువు, మధ్యాహ్న భోజనం

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన పరిశోధన యంగ్ లైవ్స్ సమాచారం ఆధారంగా ఈ పథకాన్ని పరిశీలించింది. పసితనంలో కరువుకు గురైన కుటుంబాల పిల్లలు వయసుకు తగిన ఎత్తు, బరువు లేక వెనుకబడ్డారు. అయితే బడిలో మధ్యాహ్న భోజనం అందిన పిల్లలలో ఆ లోటు భర్తీ అయినట్లు తేలింది. పసితనంలో జరిగిన నష్టం ఇక పూడ్చలేనిది అనే అభిప్రాయాన్ని ఈ ఫలితం ప్రశ్నించింది. ఈ పరిశోధన కొలిచినది శరీర పోషణను మాత్రమే. చదువు విషయంలో, దేశవ్యాప్త సమాచారంతో తనికా చక్రవర్తి, రాజశ్రీ జయరామన్ 2019లో ప్రచురించిన పరిశోధన, ఎక్కువ ఏళ్లు మధ్యాహ్న భోజనం పొందిన పిల్లలు చదవడంలో మెరుగుపడినట్లు చూపింది. గణితంలో కూడా మెరుగుదల ఉన్నా అంతకంటె తక్కువ.

ఎదుగుదల, ఆత్మవిశ్వాసం

ఏడాది వయసులో గిడసబారి, 8 ఏళ్లకు కోలుకున్న పిల్లలు, కోలుకోని పిల్లల కంటె పరీక్షలలో మెరుగైన ఫలితాలు పొందినట్లు నాలుగు దేశాల సమాచారం తెలిపింది. 7-8 ఏళ్ల వయసులో పిల్లల ఎత్తుకూ, 11-12 ఏళ్ల వయసులో వారి ఆత్మగౌరవం, స్వశక్తిపై నమ్మకం, భవిష్యత్తుపై ఆశలకూ సంబంధం ఉన్నట్లు డెర్కాన్, సాంచెజ్ 2013లో చూపారు. అనగా మూర్తిమత్వ లక్షణాలుగా కనిపించే భేదాలలో కొంత భాగానికి పేదరికంతో సంబంధం ఉంది.

బడిలో గడిపిన ఏడాది

నాలుగు దేశాల పిల్లల గణిత ఫలితాలను పోల్చి అభిజీత్ సింగ్ 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 5 ఏళ్ల వయసులో దేశాల మధ్య ఉన్న తేడాలు బడిలో చేరిన తరువాత మరింత పెరిగాయి. వియత్నాం పిల్లలు ముందంజ వేయడానికి ఒక ముఖ్యకారణం, అక్కడ బడిలో గడిపే ఒక్కొక్క సంవత్సరం పిల్లలకు ఎక్కువ నేర్పడమే. కనుక పిల్లల మధ్య భేదాలకు పాఠశాల కూడా ఒక కారణం.

ప్రైవేటు పాఠశాలలు

2002లో 8 ఏళ్ల పిల్లలలో 24 శాతం ప్రైవేటు పాఠశాలలలో ఉండగా, 2009లో అదే వయసు పిల్లలలో 44 శాతం ఉన్నారు. అయితే 12 ఏళ్ల వయసులో ఒకే గణిత ప్రశ్నలకు 2006 నాటి పిల్లల కంటె 2013 నాటి పిల్లలు తక్కువ సమాధానాలు సరిగా ఇచ్చారు. బడిలో చేరేవారి సంఖ్య పెరిగినంత మాత్రాన అభ్యసనం పెరగదని దీనివలన తెలుస్తుంది.

మూల్యాంకనంపై సంబంధిత ప్రయోగాలు

యంగ్ లైవ్స్ జరుగుతున్న కాలంలోనే రాష్ట్రంలో మూల్యాంకనం గురించి మరికొన్ని ప్రయోగాలు జరిగాయి. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల సహకారంతో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఒక అధ్యయనం ప్రారంభించారు. ఏ పాఠశాలకు ఏ పథకం అనేది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు.

విద్యార్థుల అభివృద్ధిని బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చిన పాఠశాలలలో రెండేళ్ల తరువాత గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు ఫలితాలు మెరుగయ్యాయి. అనగా వందమందిలో క్రింది నుండి 50వ స్థానంలో ఉన్న విద్యార్థి గణితంలో సుమారు 61వ స్థానానికి, భాషలో సుమారు 57వ స్థానానికి చేరినంత మార్పు.

మరొక 100 పాఠశాలలలో బోనసు లేకుండా, విద్యార్థులు ఎక్కడ వెనుకబడ్డారో తెలిపే వివరమైన నివేదికలను ఉపాధ్యాయులకు ఇచ్చి, తరగతులను పరిశీలిస్తూ వచ్చారు. 2010లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, పరిశీలకులు ఉన్న సమయంలో బోధన చురుకుగా కనిపించినా, ఏడాది చివరన విద్యార్థుల మార్కులలో తేడా రాలేదు. బోనసు ఉన్న పాఠశాలలలో మాత్రం నివేదికలు ఉపయోగపడ్డాయని చెప్పిన ఉపాధ్యాయుల విద్యార్థులకు మెరుగైన ఫలితాలు వచ్చాయి. లోపాన్ని గుర్తించడం మూల్యాంకనంలో సగం పని మాత్రమేనని, ఆ సమాచారాన్ని వాడి తిరిగి బోధించినప్పుడే అది పూర్తవుతుందని ఈ ప్రయోగం సూచిస్తుంది.

పరిమితులు

* ఈ అధ్యయనంలో పేద ప్రాంతాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారు. కనుక దీని అంకెలను రాష్ట్రం మొత్తానికి సగటుగా తీసుకోరాదు.
* ఒక్కొక్క జిల్లాలో పిల్లల సంఖ్య తక్కువ. కడప జిల్లాకు ప్రత్యేకంగా నిర్ధారణలు చేయడం, వాటిని కర్నూలుకు అన్వయించడం సరికాదు.
* యంగ్ లైవ్స్ పరిశీలనాత్మక అధ్యయనం. రెండు విషయాల మధ్య సంబంధం కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేము.

ప్రాముఖ్యత

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, 2009 నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరింది. సంవత్సరాంతంలో ఒకే పరీక్షతో విద్యార్థిని అంచనా వేయరాదన్నది దాని సారాంశం. దీనికి బలం చేకూర్చే ఆధారాలు యంగ్ లైవ్స్‌లో ఉన్నాయి. ఒక తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థుల మార్కులలో తేడా వెనుక ఒక కరువు, ఒక వలస, ఒక పూట భోజనం ఉండవచ్చు. వెనుకబడిన విద్యార్థిని మందబుద్ధి అని ముద్ర వేయడానికి ఈ పరిశోధనలు సమర్థన ఇవ్వవు. కోల్పోయిన దానిలో కొంతైనా తిరిగి పొందవచ్చునని, అందుకు సమయానికి అందిన ఆహారం, బోధన తోడ్పడతాయని మాత్రం ఇవి తెలియజేస్తున్నాయి.