న్యూయార్క్ చెత్త బిల్లు కథ: రేటు సిటీది, కొలత మాఫియాది

మాఫియా అనగానే మనకి తుపాకులు, కార్ ఛేజ్‌లు గుర్తొస్తాయి. ఈ ఎపిసోడ్‌లో మాఫియా ఉంది, కానీ కథంతా ఒక బిల్లు చుట్టూ తిరుగుతుంది. హోటల్ వాడో, కిరాణా కొట్టు వాడో నెల నెలా చెత్త ఎత్తినందుకు కట్టే బిల్లు.

న్యూయార్క్‌లో 1950ల మధ్య వరకు చాలా దుకాణాల చెత్త కూడా సిటీ లారీలే ఎత్తేవి. ఖర్చు పెరిగిపోతోందని సిటీ చేతులెత్తేసింది. 1957 నాటికి రూల్ ఏమైందంటే, ఇళ్ళ చెత్త మాది, వ్యాపారాల చెత్తకి ప్రైవేటు వాళ్ళని పెట్టుకోండి అని. వేల దుకాణాలు ఒక్కసారిగా మార్కెట్లో పడ్డాయి. అదే ఏడాది అమెరికా సెనేట్‌లో మెక్‌క్లెలన్ కమిటీ ఈ వ్యాపారం మీద విచారణ పెట్టింది. రాబర్ట్ కెనెడీ ఆ కమిటీకి ముఖ్య లాయరు. అక్కడ బాగా వినిపించిన పేరు విన్సెంట్ స్క్విల్లాంటే. ఆ పెద్దమనిషి 1960లో మాయమయ్యాడు, మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

సిటీ మరీ కళ్ళు మూసుకుని ఏం లేదండీ. గరిష్ఠ ధర అని ఒకటి పెట్టింది. క్యూబిక్ యార్డ్‌కి ఇంతకు మించి తీసుకోకూడదు అని. క్యూబిక్ యార్డ్ అంటే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. 1990ల మధ్యలో ఆ రేటు 14.70 డాలర్లు. వినడానికి బానే ఉంది కదా? పోటీ ఉంటే అంతకంటే తక్కువకి కూడా ఎత్తేవాళ్ళు దొరకాలి.

అసలు పోటీయే లేదు. కాంట్రాక్టర్ల సంఘాలలో ఒక కట్టుబాటు ఉండేది: ప్రతి దుకాణం ఒకరి 'ఆస్తి'. ఓనర్ మారినా, దుకాణం పేరు మారినా, ఆ అడ్రస్ ఆ కాంట్రాక్టర్‌దే. వేరేవాడు వచ్చి ఎత్తితే నష్టపరిహారం కట్టాలి, లేదా తన్నులు తినాలి. దాంతో గరిష్ఠ ధర కాస్తా అందరూ కట్టే ధర అయిపోయింది.

ఇంకో కిటుకు ఉంది, నాకైతే ఇదే అసలు విషయం అనిపిస్తుంది. రాత్రి ఫుట్‌పాత్ మీద నల్ల సంచులు పెడతారు. అవి ఎన్ని యార్డులో ఎవరు కొలిచారు? ఎవరూ కొలవలేదు! కాంట్రాక్టర్ పది యార్డులని రాస్తే పది. నిజంగా ఉన్నది ఐదే అనుకోండి, అసలు రేటు యార్డ్‌కి 29.40 డాలర్లు పడినట్టు. కాగితం మీద మాత్రం చట్టం ప్రకారమే ఉంది. ఓనర్ ఎవరికి చెప్పుకుంటాడు? ఇంకొకరిని పిలిస్తే రాడు.

1990ల మొదట్లో బీఎఫ్ఐ అనే పెద్ద జాతీయ కంపెనీ న్యూయార్క్‌లోకి దిగింది. వాళ్ళ అధికారి ఒకాయన ఇంటి ముందు లాన్‌లో నరికిన కుక్క తల దొరికింది. 'న్యూయార్క్‌కి స్వాగతం' అని చీటీ కూడా. ఇది సినిమా కాదు ఫ్రెండ్స్!

కేసు బయటపడింది రీసైక్లింగ్ వైపు నుంచి. బ్రూక్లిన్‌లో ఛేంబర్స్ పేపర్ ఫైబర్స్ అనే పాత కాగితాల కంపెనీ ఉండేది. బెదిరింపుల కేసు విచారణకి వెళ్ళిన రిక్ కోవన్ అనే డిటెక్టివ్ అక్కడ ఉండగానే రౌడీలు వచ్చారు. ఆయన అప్పటికప్పుడు ఓనర్‌కి కజిన్‌ని అని చెప్పేశాడు. ఆ ఒక్క అబద్ధంతో సుమారు మూడేళ్ళు డానీ బెనెడెట్టోగా బతికాడు, సంఘం మీటింగులకీ వెళ్ళాడు. 1995 జూన్‌లో మన్‌హట్టన్ ప్రాసిక్యూటర్ రాబర్ట్ మోర్గెంథావ్ 17 మంది మీద, 23 కంపెనీల మీద, 4 సంఘాల మీద అభియోగాలు పెట్టారు.

1996లో సిటీ ట్రేడ్ వేస్ట్ కమిషన్‌ని పెట్టింది. లైసెన్సు కావాలంటే ముందు మీ చరిత్ర చూపించండి అంది. గరిష్ఠ ధర 12.20కి దించింది. నన్నడిగితే ఆ రెండున్నర డాలర్ల కన్నా మిగతా రూల్సే పనిచేశాయి: రెండేళ్ళకి మించి కాంట్రాక్టు వద్దు, 30 రోజుల నోటీసుతో దుకాణదారు మానేయొచ్చు, చెత్త ఎంతుందో సర్వే చేయమని అడగొచ్చు. పెద్ద పెద్ద భవనాల బిల్లులు సగానికి పైగా పడిపోయాయి.

అయిపోయిందా అంటే, లేదు. ఇప్పుడు పోటీ మరీ ఎక్కువైంది. ఒకే వీధిలోకి రాత్రంతా వేరు వేరు కంపెనీల లారీలు. ఒక్కో డ్రైవర్ ఊరంతా తిరగాలి, నిద్ర లేదు, స్పీడు ఎక్కువ. లారీల కింద మనుషులు చచ్చిపోయారు. పనివాళ్ళు కూడా. తక్కువ బిల్లు ఖరీదు వాళ్ళ మీద పడింది.

అందుకే 2019లో కొత్త చట్టం తెచ్చారు. సిటీని 20 జోన్లు చేశారు, జోన్‌కి ముగ్గురు కాంట్రాక్టర్లకి మించి ఉండరు. ఎవరి గరిష్ఠ రేటు ఎంతో సిటీతో కుదుర్చుకున్న కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. రీసైక్లింగ్‌కీ, తిండి వ్యర్థాలకీ మామూలు చెత్త కంటే రేటు తక్కువ ఉండాలి, అంటే వేరు చేసి ఇచ్చే దుకాణానికి బిల్లు తగ్గాలి. మొదటి జోన్ సెంట్రల్ క్వీన్స్, 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. 1957లో మార్కెట్‌కి వదిలేసిన పనిలోకి సిటీ మళ్ళీ సగం వెనక్కి వచ్చినట్టు. సగమే, ఎందుకంటే లారీలు ఇంకా ప్రైవేటువే.