నివాస వాహనాలలో ఫ్యూజు అమరిక

వ్యాను లోపల పడక, వంటగట్టు, దీపాలు అమర్చి ప్రయాణంలో నివసించడానికి వీలుగా మార్చిన దానిని '''నివాస వాహనం''' అంటారు. ఇంజను బ్యాటరీ ఖర్చయిపోకుండా దీపాలకు, ఫ్యానుకు, చిన్న ఫ్రిజ్‌కు 12 వోల్టుల రెండవ బ్యాటరీ పెడతారు. ఈ రెండవ వలయానికి కాపలా ఫ్యూజు.

== బ్యాటరీ ==
వాహన బ్యాటరీల తయారీలో చిత్తూరు సీమకు పేరుంది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ కర్మాగారం తిరుపతి సమీపాన కరకంబాడిలో ఉంది. అమరాన్ బ్యాటరీలు ఈ సంస్థవే. అయితే ఇంజను స్టార్టు చేయడానికి ఉద్దేశించిన బ్యాటరీ ఈ పనికి తగదు. లోతుగా ఖర్చయి తిరిగి ఛార్జి కాగల రకం కావాలి.

== ఫ్యూజు ఎందుకు ==
12 వోల్టులు షాకు కొట్టవు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ధన ధ్రువపు తీగ ఒరుసుకుపోయి వాహనపు ఇనుప శరీరానికి తగిలితే వందల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. ప్రవాహం రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. క్షణాలలో తొడుగు కాలి, పక్కనున్న చెక్కకు, పరుపుకు నిప్పు అంటుకుంటుంది. ఫ్యూజు రక్షించేది ప్రధానంగా తీగను, పరికరాన్ని కాదు. కాబట్టి తీగ మోయగలిగిన దానికంటే ఫ్యూజు విలువ ఎక్కువ ఉండరాదు.

== అమర్చే విధానం ==
ప్రధాన ఫ్యూజు బ్యాటరీ ధన ధ్రువానికి జానెడు దూరం లోపలే ఉండాలి; బ్యాటరీకి, ఫ్యూజుకు నడుమనున్న తీగకు రక్షణ లేదు గదా! అక్కడి నుండి ఫ్యూజు పెట్టెకు, పెట్టె నుండి ఒక్కొక్క పరికరానికి వేరు ఫ్యూజుతో తీగలు వెళతాయి. ఇంజను బ్యాటరీని, రెండవ బ్యాటరీని కలిపే తీగకు రెండు కొసలా ఫ్యూజులు తప్పనిసరి. దానికి విద్యుత్తు రెండు వైపుల నుండీ అందుతుంది. చాలామంది ఒక్క కొసకే వేసి వదిలేస్తారు.

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 60 వాట్ల ఫ్రిజ్ 5 ఆంపియర్లు తీసుకుంటుంది. మోటారు తిరగడం మొదలైనప్పుడు అంతకు మించుతుంది కనుక 10 ఆంపియర్ల ఫ్యూజు వేయవచ్చు. బిళ్ళ ఫ్యూజులలో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.

తీగ సన్నమైతే వోల్టేజి కూడా పడిపోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానుపోను 10 మీటర్లు ఉంటే, 10 ఆంపియర్ల వద్ద సుమారు ముప్పావు వోల్టు నష్టం.

== జాగ్రత్తలు ==
ఇళ్ళలో ఫ్యూజు పోయినప్పుడల్లా దొరికిన రాగి తీగ చుట్టే అలవాటు వాహనంలో ప్రాణాంతకం. పోయిన ఫ్యూజు స్థానంలో అదే విలువ గలది, కారణం కనుగొన్న తరువాతే వేయాలి. వాహనపు మౌలిక వివరాలు మారేలా మార్పులు చేయడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం అవసరం.