బాడుగ బేరము

దుకాణములన్నియు మూతపడి, కుక్కలు మాత్రమే మేల్కొనియుండు వీథిలో, రాత్రి రెండు గంటల వేళ, ఊరగాయ డబ్బాలతో బరువెక్కిన పెట్టెలను గుమ్మము ముందు నిలిపి, చేతిలోని ఫోనువంక చూచుచు, శంషాబాదు విమానాశ్రయమునకు పోవలసిన గృహస్థుడు బండికై ఎదురుచూచుట నేటి హైదరాబాదులో ఏ పేటలోనైనను కనవచ్చు దృశ్యము. మొన్న నేనును అట్లే నిలిచితిని. తెరపై కనబడిన బాడుగ ఎంతయో సరిగా చదువుకొనుటకై లోనికి పోయి కళ్లద్దములు వెదకి తెచ్చుకొనులోపల ఆ అంకె నూట ఇరువది రూపాయలు పెరిగి కూర్చున్నది. జట్కావాడైనచో "ఇందాక ఒక మాట, ఇప్పుడొక మాటా?" యని నిలదీసియుందును, వాడును తన గుఱ్ఱపు దాణా ధర ఏకరువు పెట్టియుండును, చివరకు ఇద్దరమును నడుమ నెక్కడనో ఒకచోట కలిసియుందుము. ఇక్కడ నిలదీయుటకు మనిషి లేడు. వచ్చిన డ్రైవరు బాబు నాకంటె అమాయకుడు. బాడుగ పెరిగినదన్న వార్త నా నోటనే విన్నాడు.

బాడుగను నిర్ణయించువాడెవడు? ఆ రాత్రి దారి పొడవునను నన్ను విడువని ప్రశ్న యిది. ఇది నేటి ప్రశ్న కాదని మాత్రము చెప్పగలను.

కోస్తా జిల్లాలలో మనము బాడుగ యందుము. అది సంస్కృతములోని భాటకమునకు దగ్గర చుట్టము. హైదరాబాదులో కిరాయి యందురు. అది అరబ్బీ పారసీకముల మీదుగా ఉర్దూలోనికి, ఉర్దూనుండి మన నాలుకపైకి వచ్చినది. పేరేదైనను, ప్రయాణపు వెల నిర్ణయించు పనిని రాజులు మిక్కిలి పూర్వమే తమ చేతిలోనికి తీసికొనిరి. కౌటిల్యుని యర్థశాస్త్రములో నావధ్యక్షుని ప్రకరణమున రేవు దాటువారికి వరుసగా రేట్లు కలవు: బరువు మోయు మనిషికిని, చిన్న పశువునకును ఒక మాషకము, ఆవునకును గుఱ్ఱమునకును రెండు, ఒంటెకును ఎనుమునకును నాలుగు. వృద్ధులు, రోగులు, గర్భిణులు మున్నగువారికి ఈ సుంకము లేదు. మనుస్మృతి మరియొక మెట్టు ముందుకు పోయి, దూరప్రయాణమైనచో వెల దేశమును బట్టియు కాలమును బట్టియు ఉండవలెనని చెప్పినది. అంతటితో ఆగక, ఇది నదీతీరములకే గాని సముద్రమునకు నియమము లేదనియు చేర్చినది. దేశమును బట్టియు కాలమును బట్టియు! నా కళ్లద్దముల కొఱకు నేను వెచ్చించిన రెండు నిమిషములలో జరిగినది ఇదియే గదా యని నవ్వు వచ్చినది.

పల్లకీల కాలమున బాడుగ యనగా మనుష్యుల భుజముల వెల. 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, మరుసటి యేడు తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణము బోయీల భుజములమీద సాగినదే. అట్టి ప్రయాణమునకు బేరము బయలుదేరుటకు ముందే కుదుర్చుకొనవలెను. నడిదారిలో, అడవిలో, ఏటిగట్టున, పల్లకీ దింపి కూర్చున్న బోయీలతో వాదించుట యే యజమానికిని శ్రేయస్కరము కాదు.

ఈ వ్యవహారము నగరపు మనిషికి నిత్యకృత్యమైనది రైలు వచ్చిన తరువాత. 1874లో వాడి జంక్షను నుండి సికింద్రాబాదు వరకు రైలుదారి పడినది. 1907లో నాంపల్లి స్టేషను, 1916లో కాచిగూడ స్టేషను వెలసినవి. రైలుబండి వందలమందిని ఒక్క గడియలో ఒక్క గుమ్మమున దించి వెళ్లిపోవును. పరాయి ఊరు, చీకటి వేళ, చంకలో బిడ్డ, నెత్తిన మూట: ఇట్టి మనిషికి బేరమాడు బలమెక్కడిది? స్టేషను గుమ్మమున బాడుగ ఒకటి, వీథి మలుపున మరియొకటి యగుట అందువలననే. తెలిసినవారు పెట్టె చేతబట్టుకొని నాలుగడుగులు నడచి, మలుపు తిరిగిన పిమ్మట బండి పిలుచుకొనెడివారు. నేడు విమానాశ్రయపు గుమ్మమున జరుగుచున్నది ఈ కథకు రెండవ కూర్పు. ఇక్కడ నాలుగడుగులు నడచినను మలుపు రాదు, అంతే భేదము.

జట్కాను గూర్చి ఒకింత నిలిచి చెప్పవలెను, ఏలయన దాని నెక్కినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. హైదరాబాదు టాంగాలో వెనుకవారు వచ్చిన దారిని చూచుచు కూర్చుందురు. మన కోస్తా జట్కాకు గుండ్రని గూడు. వెనుకనుండి ఎక్కి, పచ్చగడ్డిపై పరచిన గోనెమీద కాళ్లు ముడుచుకొని కూర్చుండవలెను. ఆ గడ్డియే గుఱ్ఱమునకు సాయంకాలపు మేత యగుటచే, మధ్యాహ్నము మెత్తగా నుండిన ఆసనము దీపాలవేళకు గట్టిపడెడిది. బండి కదలిన వెంటనే తోలువాడు వెనుకకు తిరిగి చూడకయే బరువు తూచెడివాడు: "అయ్యా, మీరు కొంచెం ముందుకు జరగండి. అమ్మా, మీరు వెనక్కి." గుఱ్ఱము వీపుపై మోయరాని బరువు పడకుండుటయు, బండి వెనుకకు ఒరిగి దాని కడుపు క్రింది పట్టెడ బిగియకుండుటయు ఆ జరుగుటలోనే యున్నది. సందులలో జనము అడ్డమైనచో చర్నాకోల కఱ్ఱను తిరుగుచున్న చక్రపు ఆకులకు తాకించెడివాడు. ఆ టకటక శబ్దమునకు ముసలివారు సైతము ప్రక్కకు తొలగెడివారు.

బండ్ల బాడుగలకు ముందుగా రేటు కట్టిన కథ ఒకటి ఇంగ్లండు దేశమున కలదు. 1634లో లండనులోని స్ట్రాండు వీథిలో, మేపోలు స్తంభము చెంత, బెయిలీ యను కెప్టెను నాలుగు బాడుగబండ్లను నిలిపి, బండివాండ్రకు ఒకే తీరు దుస్తులు తొడిగి, ఏ పేటకు ఎంత పుచ్చుకొనవలెనో ముందుగనే చెప్పి పెట్టెనట. అడ్డాయు, యూనిఫారమును, రేటు పట్టికయు ఒక్కనాడే పుట్టినవన్నమాట. మన దేశమున తెల్లదొరల పాలనలోని పట్టణములకు 1879లో హాక్నీ క్యారేజి చట్టము వచ్చినది. మదరాసు రాజధానికి 1911లో ప్రత్యేకముగా మరియొకటి వచ్చినది. బండికి లైసెన్సు, నంబరు, ఎక్కించుకొనదగిన మనుష్యుల లెక్క, బాడుగ రేటు, అన్నియు కాగితముపై కుదిరినవి. కాగితము కచ్చేరీలో నుండెను, బేరము వీథిలో నుండెను. రెండింటికిని ముఖపరిచయము తక్కువ.

ఆ కొఱత తీర్చుటకు ఒక యంత్రము పుట్టినది. 1891లో జర్మనీ దేశస్థుడు బ్రూన్ కల్పించిన టాక్సీమీటరు దూరమును వెలగా మార్చి అందరి యెదుట చూపెను. 1907లో న్యూయార్కున ముప్పాతిక మైలు దూరమునకు 5 డాలర్లు గుంజిన గుఱ్ఱపుబండివానిపై కోపించి, హ్యారీ ఆలెన్ అనునతడు ఫ్రాన్సునుండి 65 మోటారుబండ్లు తెప్పించి, మీటర్లు బిగించి, నగరములో తిప్పించెను. ఒక కోపమునుండి ఒక వ్యాపారము పుట్టుట ఇక్కడ గుర్తుంచుకొనదగినది, మరల పనికివచ్చును.

మన నగరమున మీటరు ఆటోతో ఇంటింటికి తెలిసినది. అంతకుముందు దశాబ్దములు సైకిలురిక్షావి. పరదా కట్టిన జనానా రిక్షాలు పాతబస్తీ సందులలో తిరిగిన ఆ కాలమునకు మీటరుతో పని లేదు, తొక్కువాని యాయాసమే కొలత. ఆటో వచ్చి, రేకుజెండా క్రిందికి వాల్చగానే టిక్కుటిక్కుమను యంత్రమును తెచ్చినది. అయితే తెలుగువాని బేర చాతుర్యము యంత్రమును సైతము బేరములోనికి దించినది. "మీటరు మీద ఇరవై" యను మాట ప్రపంచములో మరియే గణితశాస్త్రజ్ఞునికిని తట్టియుండదు.

విమానయాత్రికుని గొడవ చాలకాలము చిన్నది. బేగంపేట విమానాశ్రయము ఊరి నడుమనే యుండెను. 1945లో స్థాపితమైన దక్కను ఎయిర్‌వేస్ విమానములు అక్కడనుండియే ఎగిరినవి. ఎక్కువారు కొలది మంది, వారికి కార్లు కలవు, లేనివారికి ఆటో కలదు. 2008 మార్చి 23న శంషాబాదు తెరచుకొనుటతో ఈ సుఖము ముగిసినది. ఊరినుండి సుమారు 24 కిలోమీటర్లు; నడుమ గతుకులు, లారీలు. బస్సులు నడచినవి. మరుసటి సంవత్సరము మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల వంతెనదారి తెరచిరి. అయినను అర్ధరాత్రి విమానములకు, రెండేసి పెద్ద పెట్టెలతో అమెరికాలోని కూతురి పురిటికి పోవు తల్లులకు, ఇంటి గుమ్మమునకు వచ్చు బండియే కావలసివచ్చెను. అప్పటికి హైటెక్ సిటీ ఉద్యోగులను రాత్రింబవళ్లు చేరవేయుచున్న ఇండికాలు, సుమోలు నగరములో వేలకొలది యుండెను. ఫోను చేసినచో వచ్చు క్యాబులు కొంతకాలము నడచినవి.

పిదప యాపులు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఊబర్‌క్యాబ్ పేర సేవ మొదలుపెట్టిన సంస్థకు ఆ నగరపు అధికారులు లైసెన్సు లేని టాక్సీ వ్యాపారమని అభ్యంతరము తెలుపగా, అది తన పేరులోని క్యాబును తీసివేసెను. అచ్చట తొలగించిన ఆ మాటనే ఇచ్చట మనము బండ్లన్నింటికి పెట్టుకొంటిమి. ఆ మాట క్యాబ్రియోలే యను ఫ్రెంచి బండిపేరునకు కుదింపు. దాని మూలమున గంతులు వేయు అడవిమేక కలదని నిరుక్తకారులు చెప్పుదురు. ఆ యేడే మన దేశమున ఓలా పుట్టినది. బెంగుళూరునుండి బందిపూరుకు పోవుచుండగా డ్రైవరు నడిదారిలో కారాపి, మాట్లాడుకొన్న బాడుగకంటె ఎక్కువ అడిగి, దిగవిడిచి పోవుటయే దానికి బీజమని స్థాపకులు చెప్పుకొందురు. హ్యారీ ఆలెన్ కోపమే మరల! బోయీలు అడవిలో పల్లకీ దింపు భయమే మరల!

బేరమునుండి విముక్తి కలిగింతుమని పుట్టిన ఈ సంస్థలు, నా యెఱుకలో, బేరమును తొలగింపలేదు. దానిలోనుండి మన వంతు మాటను మాత్రము తొలగించినవి. వానపడినను, పరీక్షలు వదలినను, క్రికెట్టు ఆట ముగిసినను అంకె తనంతట తాను లేచును. ప్రభుత్వము కలుగజేసికొనక తప్పలేదు. 2020 నవంబరు మార్గదర్శకములలో కేంద్రము ఈ పెరుగుదలను మూల బాడుగకు ఒకటిన్నర రెట్లలోపల నిలిపి, బాడుగలో నూటికి 80 వంతులకు తగ్గకుండ డ్రైవరుకు చెందవలెననెను. 2025లో ఆ హద్దును రెండు రెట్లకు సడలించెను. మాషకములు లెక్కించిన నావధ్యక్షుడు మరల కొలువులోనికి వచ్చినట్లున్నది.

నా డ్రైవరు దేవరకొండ ప్రాంతపువాడు. "క్యాషా, ఆన్‌లైనా సార్?" అను మాట ఓటీపీ అడుగుటకు ముందే అడిగెను. క్యాషు అన్నప్పుడు వాని ముఖము తేటపడినది. చేతిలో పడిన సొమ్ముతో పొద్దుటి గ్యాసు పోయించుకొనవచ్చును, ఆన్‌లైను సొమ్ము కారు కిస్తీ రోజునకు అందునో అందదో యని వాని బెంగ. నూట ఇరువది పెరిగినదంటిని గదా, దానిలో తనకెంత వచ్చునో దిగిన తరువాత వాడు తన తెరపై వెదకెను గాని, ఆ లెక్క వానికిని వెంటనే చిక్కలేదు. తిరుగు బాడుగ దొరకినచో లాభము, ఖాళీగా పోయినచో వచ్చినదంతయు చమురుకే. జట్కావాని లెక్కయు ఇదియే.

నేను పెట్టెలు దింపుకొనిన పిమ్మట వాడు, విమానాశ్రయము వెలుపల వందలకొలది బండ్లు నిలిచియుండు మైదానమునకు పోవుదుననెను. అచ్చట వరుస కలదు. ఫోనులో తన సంఖ్య కనబడును. ఆ తెల్లవారుజామున తనది నూట పదునాలుగవదని చెప్పి, సీటు వెనుకకు వాల్చి రెండు గంటలు పడుకొందుననెను.