గురువుల చదువు శిష్యులకు దక్కిన వృత్తాంతము

మనస్సును గూర్చి విచారించుట మన దేశమునకు క్రొత్త గాదు. మనస్సు, బుద్ధి, చిత్తము, అహంకారము అని అంతఃకరణమును నాలుగు విధములుగా చెప్పుకొనుట పురాణకాలక్షేపము వినిన వారందఱకును తెలిసినదే. అక్షరము రాని పల్లెటూరి ముసలమ్మ సైతము "మనసు విరిగినది", "మనసు కుదుటపడినది", "మనసు రాయి చేసికొంటిని" అని మూడు వేఱువేఱు స్థితులను మూడు మాటలలో తేల్చి చెప్పగలదు. అయినను మనస్సు పనులను పరీక్షించి, కొలిచి, లెక్కగట్టి తెలిసికొను శాస్త్రము వేఱు. ఆ శాస్త్రము నేడు పదునొకండవ, పండ్రెండవ తరగతుల బాలబాలికలకు ఐచ్ఛిక పాఠ్యవిషయమై యున్నది. అది విశ్వవిద్యాలయముల నుండి పాఠశాలకు ఎట్లు దిగివచ్చినదో, వచ్చుటవలన మన బిడ్డలకు ఒనగూడిన మేలేమో ఈ వ్యాసమున మనవి చేయ దలచితిమి.

1879వ సంవత్సరమున జర్మనీ దేశపు లీప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ పండితుడు స్థాపించిన ప్రయోగశాలతో ఈ శాస్త్రము తత్త్వశాస్త్రమునుండి వేఱు కాపురము పెట్టినదని చెప్పుట వాడుక. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అర్థము లేని అక్షరముల కూర్పులను తానే వల్లించి, తానే మఱచి, మఱపు నడచు తీరును లెక్కలలో చూపెను. నేర్చిన వెంటనే మఱపు వడిగా సాగి, పిదప నెమ్మదించునని ఆయన కనుగొనెను. 1905లో పారిస్ నగరమున ఆల్‌ఫ్రెడ్ బినే, సైమన్ అను వారు బుద్ధిపరీక్షలను కూర్చిరి. మందబుద్ధులని పిల్లలపై ముద్ర వేయుట బినే ఉద్దేశము గాదు. తరగతిలో వెనుకబడి ప్రత్యేకముగా సాయము గోరు పిల్లలను గుర్తించుటయే ఆయన కోరినది. పాఠశాలతో ఈ శాస్త్రమునకు గాఢమైన చుట్టరికము ఇట్లు కుదిరినది.

మన దేశమున దీనికి పుట్టినిల్లు కలకత్తా. ఆ విశ్వవిద్యాలయపు తత్త్వశాస్త్రశాఖలో 1915లో మనస్తత్వ ప్రయోగశాల వెలసెను. 1916లో ప్రత్యేకశాఖ ఏర్పడెను. అమెరికాలో శిక్షణము పొంది వచ్చిన నరేంద్రనాథ సేన్‌గుప్త దానికి మూలపురుషుడు. కలకత్తాలో ఈ విషయమునకు తొలి పాఠ్యప్రణాళిక కూర్చిన బ్రజేంద్రనాథ శీల్ మహాశయుడే పిమ్మట మైసూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా వచ్చెను. ఆయన కాలముననే, 1924లో, మైసూరున మనస్తత్వశాస్త్రశాఖ వెలసెను. లండనులో స్పియర్మన్ పండితునివద్ద చదివి వచ్చిన ఎం. వి. గోపాలస్వామి దానికి ఆచార్యుడాయెను. 1935లో మైసూరులోని తన యింటనే రేడియో కేంద్రమును నెలకొల్పి 'ఆకాశవాణి' యను పేరుతో నడపినవాడును ఈయనయే.

కర్ణాటక, మహారాష్ట్రములందు స్థిరపడిన మనవారు తప్పక తెలిసికొనవలసిన పేరు మఱియొకటి కలదు. వి. వి. కామత్ అను విద్యావేత్త బినే పరీక్షలను ఈ దేశపు పిల్లలకు తగునట్లు మార్చి, కన్నడమునను మరాఠీయందును సిద్ధపఱచి, 1940లో గ్రంథముగా వెలువరించెను. పరభాషలో అడిగిన ప్రశ్నకు బిడ్డ బదులు చెప్పలేకపోయిన, లోపము బుద్ధియందున్నదో భాషయందున్నదో తెలియుట యెట్లు? తెలుగు ఇంట పుట్టి కన్నడ బడిలోనో, ఒడియా బడిలోనో, తమిళ బడిలోనో కూర్చుండిన మన పిల్లల విషయమున ఈ ప్రశ్న నేటికిని చెల్లుచున్నది.

ఇంత జరిగినను ఈ చదువు చాలకాలము పెద్దలకే పరిమితమై యుండెను. బి.టి., ఎల్.టి. పరీక్షలకు పోవు ఉపాధ్యాయులు విద్యామనస్తత్వశాస్త్రమును చదువుచుండిరి. పిల్లవాడు ఎట్లు నేర్చును, ఎందులకు మఱచును, ఎందులకు అలుగును అను సంగతులు గురువునకు పాఠములు. ఆ పిల్లవానికి మాత్రము తన్ను గూర్చి తాను చదువుకొను అవకాశము లేదు.

ఈ గోడను కదలించినవారిలో కర్నూలున జన్మించిన డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు ముఖ్యులు. వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండగా 1943లో అచ్చట జి. డి. బోయజ్ ఆచార్యుని యాజమాన్యమున మనస్తత్వశాస్త్రశాఖ ఏర్పడెను. 1952లో భారత ప్రభుత్వము నియమించిన మాధ్యమిక విద్యాసంఘమునకు మొదలియారుగారే అధ్యక్షులు. 1953 నాటి ఆ సంఘ నివేదిక ఉన్నతపాఠశాల చదువును ఏడు వర్గములుగా విభజింప సూచించినది. అందు మానవీయశాస్త్రముల వర్గమున చరిత్ర, భూగోళముల సరసన మనస్తత్వ తర్కశాస్త్రముల ప్రాథమికాంశములకును పీట వేసిరి.

1964–66 నాటి కొఠారి సంఘము పిమ్మట 1968, 1986 విద్యావిధానములు 10+2 పద్ధతిని దేశమున నాటినవి. ఆ '+2' మెట్టుమీద ఈ విషయము నిలదొక్కుకొనినది. 1961లో స్థాపితమైన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2006లో పదునొకండవ తరగతికిని, 2007లో పండ్రెండవ తరగతికిని క్రొత్త వాచకములను వెలువరించినది. కేంద్ర మాధ్యమిక విద్యామండలి పరీక్షయందే గాక కర్ణాటకపు ప్రీ యూనివర్సిటీయందును, ఒడిశా, మహారాష్ట్రముల ఉన్నత మాధ్యమిక పరీక్షలందును ఇది ఐచ్ఛిక విషయము. తమిళులు దీనిని ఉళవియల్ అనియు, మరాఠీవారు మానసశాస్త్రమనియు, కన్నడిగులును ఒడియావారును మనోవిజ్ఞానమనియు వ్యవహరింతురు.

అందు నేర్పునదేమి? మొదటి యేట ఇంద్రియజ్ఞానము, అవధానము, అభ్యసనము, స్మృతి, ఆలోచన, ఉద్వేగములు. రెండవ యేట బుద్ధిభేదములు, వ్యక్తిత్వము, జీవితపు ఒత్తిడిని తట్టుకొనుట, మానసిక రుగ్మతలు, చికిత్సలు, సంఘము మనిషిపై చూపు ప్రభావము. కేంద్రమండలి పరీక్షలో 70 మార్కులు వ్రాతకు, 30 ప్రయోగమునకు. ప్రయోగ పాఠమున విద్యార్థి ఒకరిని ఎదుట కూర్చుండబెట్టుకొని, వారి అనుమతితో పరీక్ష జరిపి, ఫలితమును గుట్టుగా నుంచవలెను. పరుల మనస్సును చూచుటకు ముందు సెలవు తీసికొనవలెననియు, చూచినదానిని వీధిలో పెట్టరాదనియు పదునేడేండ్ల ప్రాయముననే నేర్చుట చిన్న సంస్కారము గాదు.

మేము ఒక విద్యాసంస్థ కార్యాలయమున గుమాస్తాగా నుండిన దినములలో ప్రవేశపత్రములు మా బల్లమీదుగానే పోయెడివి. "అయ్యా, ఆ పిచ్చాసుపత్రి చదువు మా అమ్మాయికి వద్దండీ, వేఱొకటి వ్రాయండి" అని తండ్రులు ఆ విషయమును కొట్టివేయించుట పలుమాఱులు చూచితిమి. ఫలితములు వెలువడిన దినమున మార్కుల పట్టీ చేతబట్టుకొని, ఇంటికి పోవ జంకి, సాయంకాలము వఱకు ఆ అరుగుమీదనే కూర్చుండిన పిల్లలనును చూచితిమి. వారితో ఏమి మాటలాడవలెనో నేర్పు చదువునే ఆ తండ్రులు పిచ్చిచదువనిరి! కాలు విరిగిన బిడ్డను వైద్యునికి చూపుటకు సిగ్గుపడని మనము, మనసు విరిగిన బిడ్డను చూపుటకు చుట్టాలేమందురో యని తలుపు మూయుచున్నాము. బెంగుళూరున 1954లో అఖిల భారత మానసికారోగ్య సంస్థ వెలసి, 1974లో నిమ్హాన్స్‌గా రూపొందినది. 2017లో మానసికారోగ్య రక్షణ చట్టము వచ్చి, చికిత్స పొందుట ప్రతివాని హక్కని చాటినది. ఆసుపత్రియు చట్టమును ఉన్నను, గడప దాటించు ధైర్యము ఇంటనే పుట్టవలెను గదా!

ఒక హెచ్చరిక అవసరము. రెండేండ్ల చదువుతో ఎవరును వైద్యులు గారు. చికిత్స చేయు నిపుణుడగుటకు స్నాతకోత్తర విద్యయు, దానిపై ప్రత్యేక శిక్షణమును వలయును. వాచకము చదివిన పిల్లలు ఇంటివారికి రోగముల పేర్లు పెట్టుట తగదు. తోడివాని దుఃఖమును గుర్తించి, వేళాకోళము చేయక, పెద్దలయొద్దకు తీసికొనిపోగలిగిన అంతియే చాలును.

మన సంఘములు చేయదగిన పని ఒకటి కలదు. మన పిల్లలు ఈ శాస్త్రమును ఆంగ్లమునందో, స్థలభాషయందో చదువుదురు. ఇంటికి వచ్చి అమ్మమ్మతో, నాయనమ్మతో తెలుగున మాటలాడుదురు. దిగులు, బెంగ, బెదురు, గుబులు, విసుగు అని మన భాషలో మనస్సు స్థితులకు ఎన్ని సున్నితమైన మాటలున్నవో వారికి మనము అందింపవలెను. ఆదివారపు తెలుగు తరగతులలో ఈ మాటలనుగూర్చి ఒక గంట ముచ్చటించినను మేలే. తన బాధకు తల్లిభాషలో పేరు దొరకిన బిడ్డ దానిని ఇంటిలో చెప్పుకొనగలదు. చెప్పుకొనగలిగిన బిడ్డను ఇల్లు కాపాడుకొనగలదు. ఈ యేట ప్రవేశపత్రము నింపు వేళ ఆ విషయమును కొట్టివేయుటకు ముందు తల్లిదండ్రులు బిడ్డను ఒక్క మాట అడుగుదురు గాక.