రికార్డింగు మనది, తాళం ఎవరిది?

అమెరికాలో 1970ల్లో ఆదివారం రాత్రి వచ్చిందంటే డిటెక్టివ్ కథల అభిమానులకు పెద్ద చిక్కు. సీబీఎస్‌లో ‘కొజాక్’, ఎన్‌బీసీలో ‘కొలంబో’. ఒకటి చూస్తే రెండోది పోయినట్టే. ఆ చిక్కు తీరుస్తానంటూ 1976లో సోనీ తన బీటామాక్స్ రికార్డరుకు ఒక ప్రకటన తయారుచేయించింది. ఒక సీరియల్ చూస్తున్నామని ఇంకోదాన్ని వదులుకోనక్కర్లేదని దాని సారాంశం. తీరా చూస్తే ఆ రెండూ యూనివర్సల్ స్టూడియో తీసినవే. తమ సరుకు చూపించి ఇంకెవరో యంత్రాలు అమ్ముకోవడం ఏమిటని దాని అధినేత సిడ్నీ షైన్‌బర్గ్ మండిపడ్డాడు. ఆ ఏడాది నవంబరులోనే యూనివర్సల్, డిస్నీ కలిసి సోనీని కోర్టుకీడ్చాయి.

సెట్ టాప్ బాక్స్ రిమోట్‌లో రికార్డ్ బటన్ నొక్కే ధైర్యం మన వేలికి వచ్చింది ఆ వ్యాజ్యం చలవతోనే. అయితే ఆ తర్వాత నడిచిన కథ వేరు. రికార్డు చేసుకునే హక్కు మనకే మిగిలింది. రికార్డు చేసినదాని మీద పట్టు మాత్రం మెల్లమెల్లగా చేజారింది.

గెలిచిన కేసు, ఓడిన యంత్రం

టీవీ బొమ్మను టేపు మీదికి ఎక్కించడం అప్పటికి కొత్తేమీ కాదు. 1956 ఏప్రిల్‌లో షికాగోలో ఆంపెక్స్ సంస్థ తొలి వీడియోటేప్ రికార్డరును ప్రదర్శించింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ నడిపిన ఆ బృందంలో, తర్వాత సినిమా ధ్వనికి మారుపేరైన రే డాల్బీ కూడా ఉన్నాడు. టేపు వెడల్పు రెండంగుళాలు, యంత్రం ఖరీదు యాభై వేల డాలర్ల దరిదాపు. కొనగలిగింది టీవీ స్టేషన్లే. రికార్డింగు నట్టింట్లోకి అడుగుపెట్టింది 1975లో బీటామాక్స్‌తో, మరుసటి ఏడాది జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్‌తో.

స్టూడియోల వాదన సూటిగానే ఉంది: కార్యక్రమం మొత్తాన్ని నకలు తీయడం కాపీరైటు ఉల్లంఘన, అందుకు పనిముట్టు అమ్మినవాడూ దోషే. 1979లో కింది కోర్టు సోనీ వైపు నిలిచింది. 1981లో పై కోర్టు ఆ తీర్పును తిరగేసింది. మరుసటి ఏడాది సినిమా నిర్మాతల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటీ అమెరికా చట్టసభ కమిటీ ముందుకొచ్చి, ఒంటరి ఆడవాళ్లను గొంతు నులిమి చంపే హంతకుడితో వీసీఆర్‌ను పోల్చాడు. కార్యక్రమాలు తీసేవాళ్లంతా ఆయన మాటే అనలేదు. పిల్లల కార్యక్రమాలతో ఇంటింటా పేరుపొందిన ఫ్రెడ్ రోజర్స్, తన కార్యక్రమాన్ని కుటుంబాలు రికార్డు చేసుకుని వీలున్నప్పుడు చూసుకుంటే తనకు అభ్యంతరం లేదని సాక్ష్యం చెప్పాడు.

1984 జనవరి 17న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. ఐదుగురు న్యాయమూర్తులు సోనీ వైపు, నలుగురు ఎదుటి వైపు. ఉచితంగా ప్రసారమైన కార్యక్రమాన్ని తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాశారు. రోజర్స్ సాక్ష్యాన్నీ ప్రస్తావించారు. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఇంటి రికార్డరు కథ అక్కడితో ముగిసేది. విచిత్రమేమంటే, కేసు గెలిచిన సోనీ బజారులో ఓడింది. తొలి బీటా క్యాసెట్‌లో గంటసేపే రికార్డయ్యేది, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు, అంటే ఒక సినిమా పట్టేది. కేసు ఓడిన స్టూడియోలేమో ఆ క్యాసెట్ల అమ్మకాలతోనే లాభాలు దండుకున్నాయి.

ఒక్క చానల్ ఉన్న ఊళ్లో

మన దగ్గరికి వీసీఆర్ కలర్ టీవీతో పాటు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల రోజుల్లో వ్యాపించింది. కానీ మనవాళ్లు దాన్ని వాడింది రికార్డు చేయడానికి తక్కువ, అద్దె క్యాసెట్లు వేసుకుని సినిమాలు చూడటానికి ఎక్కువ. వీడియో పార్లర్లు వెలిసింది అందుకే. కారణం తేలికే. ఉన్నది ఒక్క దూరదర్శన్. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం ఉదయం దేశమంతా దాని ముందే కూర్చుంది. పోటీగా ఇంకో చానల్ లేనప్పుడు కొజాకా, కొలంబోనా అన్న చిక్కే రాదు.

ఆ చిక్కు మనకు ఉపగ్రహ చానళ్లతో వచ్చింది. 1992లో జీ టీవీ, 1995 ఆగస్టులో ఈటీవీ, ఆ వెనకే మరెన్నో. డిష్ నేరుగా ఇంటి మీదికి రావడానికి మాత్రం ఇంకా సమయం పట్టింది. స్టార్ సంస్థ డీటీహెచ్ సేవకు సిద్ధమవుతుండగా 1997లో ప్రభుత్వం దానిపై నిషేధం పెట్టింది. 2000లో తలుపు తెరిచింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్, 2006లో టాటా స్కై వచ్చాయి.

రెండు తీగల రహస్యం

విదేశాల్లో అప్పటికే డిష్ పెట్టుకున్నవారికి వీసీఆర్‌తో పడే పాట్లు బాగా తెలుసు. వీసీఆర్ టైమరు ఒకటి, బాక్సు టైమరు మరొకటి. రెండూ కలవాలి. బాక్సును ఆపేయకుండా సరైన చానల్ మీద వదిలి వెళ్లాలి. మధ్యలో ఎవరైనా రిమోట్ నొక్కితే వార్తల బదులు వంటల కార్యక్రమం రికార్డయ్యేది.

ఆ అవస్థకు మందు 1999లో దొరికింది. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పనిచేసిన జిమ్ బార్టన్, మైక్ రామ్సే స్థాపించిన టీవో సంస్థ, టేపు తీసేసి హార్డ్ డిస్క్ పెట్టింది. తొలి చిన్న మోడల్ 14 గంటలు పట్టేది. చూస్తున్న ప్రసారాన్ని అక్కడే ఆపి, ఫోన్ మాట్లాడొచ్చి, ఆపిన చోటినుంచే చూడటం దానితోనే జనానికి అలవాటైంది. అసలు మెలిక 2000లో వచ్చింది. అమెరికా ఉపగ్రహ సేవ డైరెక్ టీవీ తన బాక్సులోనే టీవోను కలిపేసింది. ఉపగ్రహం నుంచి దిగే బొమ్మ ముందే డిజిటల్‌గా కుదించి ఉంటుంది. దాన్ని విప్పి మళ్లీ కుదించే పనిలేదు, వచ్చింది వచ్చినట్టే డిస్క్ మీద రాసేస్తే చాలు. నాణ్యతలో వీసమెత్తు తగ్గదు. మామూలు చానల్ సెకనుకు మూడు మెగాబిట్ల చొప్పున వస్తే గంటకు ఒకటిన్నర గిగాబైట్ల లోపే.

ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చేయాలంటే రెండు ట్యూనర్లు కావాలి. అందుకే 2001లో బ్రిటన్‌ ఉపగ్రహ సేవ స్కై తన రికార్డరు బాక్సు స్కై ప్లస్ తెచ్చినప్పుడు డిష్ నుంచి ఇంట్లోకి రెండు తీగలు లాగేవారు. ఏ ధ్రువణంలోని చానళ్లు కావాలో బాక్సే డిష్ మీది సంకేత గ్రాహకం ఎల్ఎన్‌బీకి తీగలో 13 లేదా 18 వోల్టులు పంపి చెబుతుంది. ఒక తీగలో ఒకసారి ఒక్క సంకేతమే వెళ్తుంది కాబట్టి రెండో ట్యూనరుకు రెండో తీగ. స్కై పేరు పంచుకున్న టాటా స్కై అదే పద్ధతిని 2008లో టాటా స్కై ప్లస్‌గా మన ఇళ్లకు తెచ్చింది. ఆమిర్ ఖాన్ ప్రకటనలు చాలామందికి గుర్తే. ఎన్ని ట్యూనర్లున్నా వానదేవుణ్ని మాత్రం ఎవరూ జయించలేదు. డిష్ అందుకునే కేయూ బ్యాండ్ తరంగాలు జోరువానలో నీరసిస్తాయి. ఆ వేళకు రికార్డింగు పెట్టి ఉంటే క్లైమాక్స్ బదులు ముక్కలైన బొమ్మ మిగులుతుంది.

బాక్సులో బందీ

ఇక్కడే తాళం సంగతి వస్తుంది. టేపు మీదికి ఎక్కింది ఎవరి యంత్రంలోనైనా ఆడేది. పక్కింటివాళ్లు అడిగితే ఇచ్చేవాళ్లం, పదేళ్లయినా బీరువాలో ఉండేది. చందా కట్టి తెచ్చుకున్న బాక్సులో రికార్డయ్యే బొమ్మ గూఢలిపిలో ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి ఆ బాక్సులో, అందులో పెట్టే చందా కార్డులోనే. డిస్క్ ఊడదీసి కంప్యూటరుకు పెట్టినా ఏమీ కనిపించదు. బాక్సు పాడైతే పెళ్లి తర్వాత తొలిసారి టీవీలో పాడిన కోడలి పాట కూడా దానితోనే పోతుంది. బాక్సు వెనక యూఎస్‌బీ పోర్టు పెట్టిన సంస్థలు కూడా రికార్డింగు అదే బాక్సులో ఆడేలా కట్టడి చేశాయి. దూరదర్శన్ ఉచిత సేవ ఫ్రీ డిష్ కోసం బజారులో దొరికే బాక్సులు చాలావాటిలో ఈ గొడవ లేదు. తాళం లేని ప్రసారం తాళం లేకుండానే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంది.

బాక్సు కాపలాతోనే ఆగదు, చూసేవాళ్లను గమనిస్తుంది కూడా. 2004 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ విరామంలో జానెట్ జాక్సన్ దుస్తులు జారిన క్షణాన్ని తమ వినియోగదారులు అన్నిటికన్నా ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూశారని టీవో ప్రకటించింది. ఇంట్లో కూర్చుని నొక్కిన బటన్ల లెక్క కంపెనీకి చేరుతోందని చాలామంది అమెరికన్లకు అప్పుడే తెలిసింది. వ్యాపార ప్రకటనలను తానే దాటేసే రీప్లే టీవీ రికార్డరు మీద స్టూడియోలు కేసులు వేశాయి. దాన్ని అమ్మిన సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది. మిగిలినవారికి అది మంచి పాఠం. యంత్రానికి ఏం చేతనవుననేది ఒక లెక్క, దాన్ని ఏం చేయనిస్తారనేది ఇంకో లెక్క.

మన చట్టం ఈ విషయంలో ఉదారంగానే ఉంది. కాపీరైటు చట్టం 39వ సెక్షన్ ప్రకారం సొంత వాడకానికి, లేదా నిజమైన బోధన, పరిశోధనల కోసం చేసుకునే రికార్డింగు ప్రసార హక్కులకు భంగం కాదు. కానీ బాక్సును తయారుచేసేది చట్టసభ కాదు. రికార్డు చేసుకోవచ్చు అని చట్టం అంటే, ఎంతకాలం, ఎక్కడ అన్నది బాక్సు తేలుస్తోంది.

ఆ తేడా విలువ తెలియాలంటే ఫిలడెల్ఫియాకు చెందిన మారియన్ స్టోక్స్‌ను తలుచుకోవాలి. ఒకప్పటి లైబ్రేరియన్ అయిన ఆమె ఇరాన్ బందీల సంక్షోభం మొదలైన 1979 నుంచి 2012లో కన్నుమూసేదాకా రాత్రింబవళ్లు టీవీ వార్తలను రికార్డు చేయించింది. పోగైన క్యాసెట్లు దాదాపు డెబ్బై వేలు. స్టేషన్లు దాచుకోని ప్రసారాలెన్నో వాటిలో మిగిలాయి, ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్ చేతికి చేరాయి. ఆమె ఎవరి అనుమతీ అడగలేదు, ఏ సర్వరూ ఆమె టేపులను చెరిపేయలేదు. ఓటీటీలో సీరియల్ ఉండేది హక్కుల గడువున్నంత కాలమే. ఫోన్లోకి దించుకున్నదానికీ గడువుంటుంది. స్టోక్స్ లాంటి మనిషి ఇవాళ మన ఊళ్లో పుట్టి చందా బాక్సునే నమ్ముకుంటే, ముప్పై ఏళ్ల తర్వాత ఆమె వారసులకు దక్కేది రీచార్జి రసీదులే.