ఎండ్ అంటే పోగు

సూరత్ ఆల్థాన్‌లో మా ఫ్లాటుకు ఉధ్నా-మగ్దల్లా రోడ్డు మీది యూనివర్సిటీ ఎంతో దూరం కాదు.  కానీ నేను పాఠం చెప్పేది ఇంకో కాలేజీలో, టెక్స్‌టైల్ రెండో ఏడాది పిల్లలకు. ఇంగ్లీషు చదువుతారు, సగం అర్థమవుతుంది, నాలుగు వాక్యాలు రాయమంటే పెన్ను కొరుకుతారు.

ఈ ఊళ్లో ఇంగ్లీషుకూ బట్టకూ చుట్టరికం పాతది. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లో దిగింది, సూరత్‌లో 1613లో ఫర్మానా పుచ్చుకుని కోఠీ పెట్టింది. రెండు చోట్లా బట్ట కోసమే. అప్పట్లో మన మాటలు నేర్చుకోవాల్సిన అవసరం దొరలదే. బాఫ్తా, చింట్జ్ లాంటి మాటలు వాళ్ల ఖాతాల్లోకి ఎక్కింది అలాగే. మధ్యలో నిలబడి రెండు వైపులా మాట నడిపినవాణ్ణి మన తెలుగు వైపు దుబాసీ అనేవారు.

ఆ దుబాసీలకు సిలబస్ లేదు. కచేరీలో కూర్చుని, కాగితాలకు నకళ్లు రాసి నేర్చారు. ఒంగోలు వైపు నుంచి వెళ్లి మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడైన వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితకథను ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. అది 1873లో అచ్చయింది. అర్థం తెలియకుండా ఇంగ్లీషు పుస్తకాలు వల్లె వేయిస్తున్నారని ఆయన 1820లోనే మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి మొరపెట్టుకున్నాడు. ఆ ఫిర్యాదు మీద తేదీ మార్చి నేను మా స్టాఫ్ మీటింగులో చదివినా ఎవరూ పట్టుకోలేరు.

గుజరాత్‌లోనైతే ఇంగ్లీషు గొడవ కోర్టు దాకా వెళ్లింది. గుజరాతీ, హిందీల్లో తప్ప పాఠం చెప్పకూడదని గుజరాత్ విశ్వవిద్యాలయం పట్టుబడితే, ఆ అధికారం దానికి లేదని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. 2007లో ఇదే రాష్ట్రం స్కోప్ పేరుతో కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు పరీక్షలు పెట్టింది. అటు హైదరాబాదులో 1958 నుంచీ ఇంగ్లీషు టీచర్లను తయారుచేసే సంస్థే ఉంది. ఇన్ని జరిగినా మాకిచ్చిన పాఠ్యపుస్తకంలో మొదటి పాఠం, రైల్వే స్టేషన్‌లో దారి అడగడం!

పోయినేడాది దాన్ని పక్కనపెట్టి, ఒక మిల్లు రాసిన గ్రే బట్ట (ఇంకా రంగు వేయని బట్ట) తనిఖీ రిపోర్టు పంచాను. అందులో ‘టూ ఎండ్స్ మిస్సింగ్’ అని ఉంది. రెండు ముగింపులు లేవని ఒకడు, రెండు కొసలు చిరిగాయని ఇంకొకడు. లింబాయత్ నుంచి వచ్చే కుర్రాడు నోరు విప్పలేదు. వాళ్ల తాత సిరిసిల్ల నుంచి వచ్చిన పద్మశాలి, తండ్రి పవర్‌లూమ్ మీద. ఒక తాకా, అంటే బట్ట తాను, తెచ్చి బల్ల మీద పరిచి, ఖాళీగా కనిపించే నిలువు చార మీద వాడి వేలు పెట్టించాను.

“పడుగుల పోగు లేదు సార్.”

“అదే ఎండ్. పేక పోగైతే పిక్.”

గంటలో ఎడమ అంచు నుంచి ఎన్ని అంగుళాల్లో లోపముందో, ఎన్ని మీటర్ల పొడవునా సాగిందో కొలిచి, మిల్లుకు అయిదు వాక్యాల ఉత్తరం రాశాడు. ఆర్టికల్స్ రెండు తప్పు. దిద్దలేదు, మిల్లువాడికి ఆ ఉత్తరం అర్థమవుతుంది. మర్నాడు చెప్పాడు, రాత్రి ఇంట్లో చదివి వినిపించాడట.

“బాపు ఏమన్నాడురా?”

“‘గిదేనా ఇంగ్లీషు? రోజూ సేటుకు నేను జెప్పేది గదే గద’ అన్నడు సార్.”